భార్యాభర్తలు కలిసి పరుగు సాధన చేసేటప్పుడు

ఈ మధ్య కాలంలో మంచి పని కోసం విరాళాలు సేకరించే పరుగులు మన పట్టణాలలో కూడా తరచుగా జరుగుతున్నాయి. క్యాన్సర్ రోగుల సహాయార్థం, అనాథ పిల్లల చదువు కోసం, రక్తదానం గురించి ప్రచారం కోసం, ఇలా ఏదో ఒక ఉద్దేశంతో ఆదివారం ఉదయం 5 కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు. యువకులతో పాటు 40, 50 ఏళ్ళ భార్యాభర్తలు కూడా జంటగా పేర్లు ఇస్తున్నారు. చాలా సంతోషం. అయితే పేరు ఇచ్చిన తరువాత ఏమి చేయాలి? ఎన్నాళ్ళు సాధన చేయాలి? ఇద్దరికీ ఒకే పద్ధతి సరిపోతుందా? ఈ ప్రశ్నలకు జవాబులను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఇటువంటి పరుగులకు ప్రపంచమంతటా పేరు తెచ్చినవారిలో కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ ఒకరు. 1977లో ఎముక క్యాన్సర్ వల్ల ఆయన కుడి కాలు తీసివేయవలసి వచ్చింది. క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు కూడగట్టడానికి 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో పరుగు మొదలుపెట్టి, 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తారు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయి, 1981 జూన్‌లో మరణించారు. ఆయన ధైర్యాన్ని అందరూ చెప్పుకుంటారు. ఆ పరుగుకు ముందు ఆయన ఏడాదికి పైగా సాధన చేశారన్న సంగతిని మాత్రం చాలామంది మరచిపోతారు. మంచి పనికే పరుగెత్తుతున్నా శరీరానికి సిద్ధపడే సమయం ఇవ్వవలసిందే.

జంటగా చేయడం వల్ల లాభం

ఒంటరిగా మొదలుపెట్టిన వ్యాయామం రెండు మూడు వారాలకే ఆగిపోవడం మనం చూస్తూనే ఉంటాము. ఇద్దరూ కలిసి చేస్తే ఒకరు బద్ధకించిన రోజున మరొకరు లేపుతారు. ఇంగ్లండులో 50 ఏళ్ళు దాటిన దంపతులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. వ్యాయామం లేని భర్తలలో, భార్య కూడా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు సుమారు మూడింట రెండు వంతుల మంది తామూ మొదలుపెట్టారు. భార్య కదలకుండా ఉన్నప్పుడు సుమారు నాలుగింట ఒక వంతు మంది మాత్రమే మొదలుపెట్టారు. భార్యల విషయంలోనూ ఇంచుమించు అదే ఫలితం కనిపించింది.

కారణం ఊహించడం కష్టం కాదు. భార్యాభర్తలు తినేది ఒకే వంట. ఉప్పు, నూనె, నిద్రవేళ, టి.వి. చూసే సమయం అన్నీ ఒకటే. అందువల్ల జబ్బులు కూడా తరచుగా ఇద్దరినీ పట్టుకుంటాయి. అలవాట్లు మార్చుకోవడం కూడా ఇద్దరూ కలిసి చేస్తేనే సులభం.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. సంసారం ఒకటే అయినా శరీరాలు రెండు. ఒకరికి సరిపోయే వేగం, దూరం మరొకరికి సరిపోకపోవచ్చు. కలిసి సాధన చేసేవారిలో మేము చూసే ఇబ్బందులలో చాలా భాగం ఈ తేడాను లెక్కచేయకపోవడం వల్లనే వస్తున్నాయి.

ముందుగా ఎవరి పరీక్ష వారికి

పరుగు మొదలుపెట్టే ముందు ఇద్దరూ వైద్యునికి చూపించుకోవాలి. సామాన్యంగా ఏమి జరుగుతుందంటే, భర్తకు బి.పి., షుగరు, ఇ.సి.జి. అన్నీ చేయిస్తారు. భార్య పక్కన బెంచీ మీద కూర్చుని, "నాకేమైంది సిస్టర్, ఆయనకు చూడండి" అంటుంది. నిజానికి ఆమెకు చేయవలసిన పరీక్ష ఒకటి తప్పక ఉంది. అది హిమోగ్లోబిన్ పరీక్ష.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి మించి. దేశం మొత్తం మీద పురుషులలో ఇది 25 శాతం. కాబట్టి పక్కపక్కన పరుగెత్తే జంటలో భార్యకు రక్తం తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

రక్తహీనత ఉంటే పరుగుకు ఏమి సంబంధం? పరుగెత్తేటప్పుడు కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా కావాలి. దానిని మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తక్కువైతే ఆ లోటు తీర్చడానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. అందువల్లనే కొద్ది దూరానికే ఆయాసం, గుండెదడ, కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం కనిపిస్తాయి. ఇంట్లో వారు దానిని బద్ధకం అనుకుంటారు. ఆమె కూడా వయసు ప్రభావం అని సరిపెట్టుకుంటుంది.

హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాముల కన్నా, పురుషులలో 13 గ్రాముల కన్నా తక్కువగా ఉంటే రక్తహీనత అంటారు. 10 కన్నా తక్కువ ఉన్నవారికి ముందు చికిత్స, అప్పటివరకు మామూలు నడక మాత్రమే అని మేము చెబుతాము. ఐరన్ మాత్రలు వేసుకునేవారు వాటికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ త్రాగకూడదు. నిమ్మరసం, జామపండు, ఉసిరికాయ వంటివి తీసుకుంటే ఐరన్ బాగా వంటబడుతుంది. మాత్రల వల్ల మలం నల్లగా వస్తే భయపడనవసరం లేదు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతూ ఉంటే మాత్రలతోనే ఊరుకోకుండా దాని కారణం కూడా తెలుసుకోవాలి.

ఇక భర్తల సంగతి. 40 ఏళ్ళు దాటినవారు, పొగ త్రాగేవారు, షుగరు లేక బి.పి. ఉన్నవారు, తండ్రికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఇ.సి.జి. తీయించుకోవాలి. అయితే విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. బాగుందంటే గుండె రక్తనాళాలలో అడ్డంకులు లేవని అర్థం కాదు. మెట్లెక్కితే, వేగంగా నడిస్తే ఛాతీలో బిగింపు వచ్చి, నిలబడగానే తగ్గుతూ ఉంటే ఆ సంగతి దాచకుండా వైద్యునికి చెప్పండి. అటువంటివారికి ట్రెడ్‌మిల్ పరీక్ష వంటివి అవసరం కావచ్చు. స్త్రీలలో గుండెజబ్బు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వికారం రూపంలో కూడా కనిపించవచ్చు.

ఎంత వేగం?

దీనికి యంత్రాలేమీ అక్కరలేదు. మాట పరీక్ష ఒక్కటి చాలు. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్లు. రెండు మూడు మాటలకే ఊపిరి అందక ఆగవలసి వస్తే వేగం ఎక్కువైనట్లు. జంటగా పరుగెత్తేవారికి ఈ పరీక్ష మరీ సులభం. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ముందుండే వ్యక్తి ఎప్పుడూ తానే మాట్లాడుతూ పోతే వెనుకవారి సంగతి తెలియదు. కాబట్టి నెమ్మదిగా ఉన్నవారిని మాట్లాడించండి. వారి జవాబులు "ఊఁ" కే పరిమితమైతే వేగం తగ్గించండి.

ఇద్దరి వేగాల మధ్య తేడా బాగా ఉన్నప్పుడు రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది: హైస్కూలు మైదానం వంటి చోట ఎవరి వేగంతో వారు చుట్లు తిరగడం. ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు.

రెండవది: వాహనాల రద్దీ లేని రోడ్డు మీద ఇద్దరూ ఒకేసారి బయలుదేరి, 15 నిమిషాలు ఎవరి వేగంతో వారు వెళ్ళి, గడియారం చూసుకుని వెనుదిరగడం. వెళ్ళిన వేగంతోనే తిరిగివస్తే ఎంత దూరం వెళ్ళినవారైనా బయలుదేరిన చోటికి ఇంచుమించు ఒకే సమయానికి చేరుతారు. ఒకరు గెలవడం, ఒకరు వెనుకబడడం అనేది ఉండదు. చీకటి ఉన్న వేళలలోను, ఇద్దరిలో ఎవరికైనా షుగరు లేక గుండెజబ్బు ఉన్నా ఈ పద్ధతి వద్దు. పక్కపక్కనే ఉండండి.

10 వారాల సాధన

నడకతో మొదలుపెట్టి 5 కిలోమీటర్ల పరుగు వరకు తీసుకువెళ్ళే 9 వారాల పద్ధతిని 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు తయారుచేశారు. దాని వెనుక ఉన్న సూత్రం సులభమైనది: కొంచెం పరుగు, కొంచెం నడక, వారం వారం పరుగు భాగాన్ని పెంచడం. అదే సూత్రంతో, మధ్యవయసువారికి వీలుగా ఈ పట్టిక ఇస్తున్నాము. వారానికి 3 రోజులు చాలు. మధ్యలో ఒక్కొక్క రోజు విరామం ఉండాలి. ప్రతిసారి ముందు 10 నిమిషాలు, చివర 5 నిమిషాలు నడవాలి.

1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక. ఇలా 8 సార్లు.
3, 4 వారాలు: 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. ఇలా 7 సార్లు.
5, 6 వారాలు: 4 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. ఇలా 5 సార్లు.
7, 8 వారాలు: 8 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. ఇలా 3 సార్లు.
9వ వారం: 12 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. ఇలా 2 సార్లు.
10వ వారం: రెండు రోజులు మాత్రం తేలికగా సాధన, తరువాత రెండు రోజులు విశ్రాంతి, ఆపైన పరుగు.

ఏ వారమైనా కష్టమనిపిస్తే దానినే మరొకసారి చేయండి. భర్త 7వ వారంలో, భార్య 5వ వారంలో ఉన్నా తప్పేమీ లేదు. "ఇంకా ఆయాసం రావడం లేదు, త్వరగా పెంచుదాము" అని కూడా అనుకోవద్దు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలకే అలవాటు పడతాయి. ఎముకలు, కీళ్ళ చుట్టూ ఉండే బంధనాలు బలపడడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. తొందరపడినవారికి మోకాలి నొప్పి, పిక్క ముందు ఎముక నొప్పి, మడమ నొప్పి రావడానికి కారణం ఇదే. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మంచిది కాదు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు హాని చేయవచ్చు.

ఆమె నిద్ర ఎవరి బాధ్యత?

ఉదయం 5 గంటలకు పరుగు అనగానే భర్త 4:45కు లేస్తాడు. భార్య మాత్రం పాలు, టిఫిను, పిల్లల క్యారియర్లు చూసుకోవడానికి 4 గంటలకే లేస్తుంది. రాత్రి గిన్నెలు కడిగి పడుకునేసరికి 11 అవుతుంది. 5 గంటల నిద్రతో వారానికి మూడు రోజులు పరుగెత్తితే ఒంటికి బలం రాదు. వ్యాయామం వల్ల అలసిన కండరాలు బాగుపడేది విశ్రాంతిలోనే. రక్తం తక్కువగా ఉన్న మనిషికి నిద్ర కూడా తక్కువైతే నెల తిరగకుండానే "ఇది నా వల్ల కాదు" అంటుంది. అప్పుడు తప్పు ఆమె శరీరానిది అనుకుంటారు.

కాబట్టి పట్టికలో పరుగుతో పాటు ఇంటి పనిని కూడా వ్రాసుకోండి. కూరగాయలు ముందు రాత్రే తరుగుకోవడం, నీళ్ళు పట్టడం, పిల్లలను లేపి తయారుచేయడం, పరుగు రోజులలో టిఫిను సులభంగా అయ్యేలా చూసుకోవడం, వీటిలో భర్త చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఇద్దరికీ 7 గంటల నిద్ర ఉండేలా చూసుకోండి. ఉదయం కుదరకపోతే సాయంత్రం ఎండ తగ్గాక చేయండి.

స్త్రీలు గమనించవలసినవి

నెలసరి రోజులలో ఓపిక ఉంటే పరుగెత్తవచ్చు, లేకపోతే నడవవచ్చు. ఛాతీకి గట్టి ఆధారం ఇచ్చే లోదుస్తులు వేసుకోండి. చీర కన్నా చున్నీని బిగించి కట్టిన పంజాబీ డ్రెస్సు లేక ట్రాక్ ప్యాంటు, కుర్తా అనువుగా ఉంటాయి. కాన్పుల తరువాత కొందరికి పరుగెత్తేటప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుంది. సిగ్గుతో దీనిని ఎవరికీ చెప్పరు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలతో చాలామందికి ఇది తగ్గుతుంది. మా నర్సులను అడిగితే నేర్పుతారు. గర్భవతులు, కొత్తగా కాన్పు అయినవారు వైద్యుని అనుమతి లేకుండా పరుగు మొదలుపెట్టకూడదు.

చెప్పులతో పరుగెత్తవద్దు. మడమ కదలకుండా, వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండే బూట్లు ఎవరి కొలతకు వారు కొనుక్కోవాలి.

షుగరు, బి.పి. మందులు వాడేవారు

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి పరుగులో షుగరు పడిపోవచ్చు. బయలుదేరే ముందు పరీక్షలో 90 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని, పెరిగిన తరువాతే వెళ్ళండి. 250 దాటి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు మానండి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక మాటలు షుగరు పడిపోయిన గుర్తులు. వెంటనే 3 టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఆ పంచదార పొట్లం షుగరు ఉన్నవారి జేబులోనే కాక జతవారి జేబులో కూడా ఉండాలి. పరుగు తరువాత కొన్ని గంటలకు, రాత్రి నిద్రలో కూడా షుగరు తగ్గవచ్చు. పాదాలు మొద్దుబారినవారికి బొబ్బ లేచినా తెలియదు. ఇంటికి రాగానే జతవారు అరికాళ్ళు చూడాలి.

బి.పి. 180/110కి చేరినా, దాటినా అదుపులోకి వచ్చేవరకు పరుగు వద్దు. అటెనోలాల్, మెటోప్రోలాల్ వాడేవారిలో నాడి వేగంగా పెరగదు. వారు నాడి లెక్కను నమ్మకుండా మాట పరీక్షనే పాటించాలి. పరుగు కోసం ఏ మందూ సొంతంగా మానకూడదు.

నీళ్ళు, ఆహారం, ఎండ

బయలుదేరడానికి అరగంట ముందు ఒక అరటిపండు, ఒక గ్లాసు నీళ్ళు చాలు. దాహాన్ని బట్టి నీళ్ళు త్రాగండి. దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ త్రాగితే రక్తంలో సోడియం తగ్గి అపాయం. పరుగు తరువాత ఉప్పు వేసిన మజ్జిగ, రాగి జావ, ఇడ్లీ సాంబారు, గ్రుడ్డు మంచివి. బి.పి. ఉన్నవారు మజ్జిగలో ఉప్పు వేసుకోవద్దు.

మన వేసవిలో సూర్యోదయానికే వేడి ఉంటుంది. కోస్తా జిల్లాలలో గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పరుగెత్తేవారు తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోస్తూ, గాలి విసరుతూ 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేవరకు నీళ్ళు పోయడం ఆపవద్దు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున అసలు పరుగు వద్దు.

ఎప్పుడు ఆగాలి?

ఛాతీలో బరువు, బిగింపు; దవడకు, ఎడమ చేతికి, వీపుకు ప్రాకే నొప్పి; మామూలుకు మించిన ఆయాసం; చల్లని చెమటలు; కళ్ళు చీకట్లు క్రమ్మడం. వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆగాలి. ఆగిన తరువాత కూడా తగ్గకపోతే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి.

మనవారి నోట ఇటువంటప్పుడు వచ్చే మాట, "గ్యాసు పట్టింది, ఏమీ లేదు". ఈ మాట వల్ల పోగొట్టుకున్న గంటలు ప్రాణాల మీదికి తెస్తాయి. పక్కనున్న భార్యకు లేక భర్తకు ఆ ముఖంలో మార్పు అందరికన్నా ముందు తెలుస్తుంది. అందుచేత సాధన మొదటి రోజే ఒక ఒప్పందం చేసుకోండి. ఇద్దరిలో ఒకరు "ఆగుదాము" అంటే మరొకరు వాదించకుండా ఆగాలి. కారణం ఆగిన తరువాత మాట్లాడుకోవచ్చు.

అకస్మాత్తుగా కూలిపోయి, పిలిస్తే పలకక, సరిగా ఊపిరి తీయకపోతే వెంటనే ఎవరిచేతనైనా 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. చదివితే వచ్చే పని కాదు ఇది. దంపతులిద్దరూ చేసి చూసి నేర్చుకోవాలి.

పరుగు రోజున

జనాన్ని, బ్యాండు మేళాన్ని చూసి మొదటి కిలోమీటరులోనే ఉత్సాహంగా ఉరుకుతారు. సాధనలో ఉన్న వేగాన్నే పాటించండి. కొత్త బూట్లు, కొత్త ఆహారం ఆ రోజు వద్దు. మధ్యలో నడిచినా, ఒకరి కోసం ఒకరు ఆగినా, చివరివారుగా చేరినా మీరిచ్చిన విరాళం విలువ ఒక్క రూపాయి కూడా తగ్గదు.

పరుగు అయిపోయిందని బూట్లు అటక మీద పెట్టవద్దు. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి 5 రోజులు అరగంట చురుకైన నడక దీనికి సరిపోతుంది. పేర్లు ఇవ్వాలనుకునే దంపతులు పరుగు తేదీకి కనీసం 3 నెలల ముందు వైద్యుని దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఓ.పి. చీటీ మాత్రం రెండు పేర్లతో, రెండు వ్రాయించండి.